తాళం చెవి ఎవరి దగ్గర?

(హైస్కూలు పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో కంప్యూటరు చదువు మీద తల్లిదండ్రులు ఏమనుకుంటున్నారో తెలుసుకోడానికి పల్లెలు తిరిగి వచ్చినాక మాట్లాడింది. మాట్లాడిన తీరు మార్చకుండా ఇస్తున్నాం.)



కూలి పోగొట్టుకుని కూర్చున్నారు కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను. మొన్న ఎండాకాలం మేం నలుగురం ఈ మండలంలో మాలపల్లెలు, మాదిగపల్లెలు, చాకలిపేట, ఎరుకల ఇళ్ళు తిరిగాం. ఒకటే అడిగాం. మీ పిల్లలకి బడిలో కంప్యూటరు నేర్పాలా, వద్దా అని.

ఇదే ప్రశ్న పట్నంలో అడిగి చూడండి, పెద్ద చర్చ జరుగుతుంది. కళ్ళు పాడైపోతాయి, ఆటలు మర్చిపోతారు, పుస్తకం ముట్టరు అంటారు. ఆ మాటల్లో నిజం లేదని నేననను. కానీ ఆ చర్చ చేసేవాళ్ళ ఇళ్ళల్లో ముందే కంప్యూటరు ఉంది. చాలామందికి అన్నం పెట్టేది కూడా అదే. కడుపు నిండినవాడు ఒక్కపొద్దు గొప్పదనం చెప్పినట్టుంటుంది. 2017-18లో కేంద్ర ప్రభుత్వమే చేయించిన జాతీయ నమూనా సర్వే చూడండి. దేశంలో పట్నాల్లో నూటికి 23 ఇళ్ళల్లో కంప్యూటరు ఉంటే, పల్లెటూళ్ళలో నూటికి నాలుగున్నర ఇళ్ళల్లో కూడా లేదు. సెల్లుఫోను ఈ లెక్కలోకి రాదు. ఆ నాలుగున్నరలో మన వాడలు ఎన్ని ఉంటాయో నేను చెప్పాలా? అందుకని వాళ్ళ చర్చ వాళ్ళని చేసుకోనిద్దాం. మనవాళ్ళు ఏమన్నారో అది చెబుతాను.

ఒక ముసలావిడ, మనవరాలిని పెంచుతోంది, మమ్మల్నే ఎదురడిగింది. "కంప్యూటరంటే రేషను షాపులో పెట్టేదేనా నాయనా?" అని. అవునమ్మా, అలాంటిదే అన్నాం. వెంటనే చెయ్యి చాపి చూపించింది. మిరపకాయలు కోసి కోసి, పొగాకు కట్టలు కట్టి కట్టి, వేళ్ళ మీద గీతలు అరిగిపోయినయ్. ఆ మిషను మీద వేలు పెడితే పడదు. తుడుచుకుని మళ్ళీ పెట్టు అంటాడు డీలరు. మళ్ళీ పడదు. రేపు రా అంటాడు.

అయ్యలారా, ఈ సంగతి మనం సరిగా ఆలోచించలేదు. మన తల్లిదండ్రులకి కంప్యూటరుతో పరిచయం లేదంటారు చదువుకున్నవాళ్ళు. లేకేం, ఉంది. బాగానే ఉంది. కాకపోతే వాళ్ళెప్పుడూ దాని ఇవతలి పక్కనే నిలబడ్డారు. మీసేవలో కుల సర్టిఫికెట్టుకి పోతే పేరులో అక్షరం తేడా ఉందని చెప్పేది అదే. అడంగల్లో అరెకరం ఇంకొకరి పేరు మీద చూపించేది అదే. ఉపాధి పనిలో 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు ఫోటో తీసి సెల్లులో ఎక్కించాలన్నారు. సిగ్నలు లేక ఫోటో ఎక్కకపోతే, ఎండలో తవ్విన మట్టి తవ్వనట్టే అయింది. మన వాడకి కంప్యూటరు అంటే "నీకు లేదు" అని చెప్పే పెట్టె. ఆ పెట్టెకి అవతల కూర్చున్నవాడు తెర మన వైపు తిప్పడు. అందులో ఏం రాసుందో మనకి తెలియదు. అతను చెప్పిందే మనం వినాలి.

ఆ ముసలావిడ చివరికి ఏమందో తెలుసా? "మా పిల్ల ఆ బల్లకి అవతలి పక్క కూర్చుంటే చాలు" అంది. కంప్యూటరు చదువు ఎందుకో దీనికంటే తేటగా చెప్పిన మాట నేను ఏ మీటింగులోనూ వినలేదు.

అందరూ ఇలాగే అనలేదులెండి. వద్దన్నవాళ్ళూ ఉన్నారు. ఒక తండ్రి, ఆటో తోలతాడు, గట్టిగా వద్దన్నాడు. 2020లో బళ్ళు మూసినప్పుడు పాఠాలు టీవీలోకీ ఫోనులోకీ పోయినయ్. అప్పు చేసి ఫోను కొన్నాడు. పాఠాలు అయిపోయినయ్, బళ్ళు తెరిచారు, పిల్లాడి చేతిలో ఫోను మాత్రం అలాగే ఉండిపోయింది. "బడిలో కూడా అదే ఇస్తే ఇక వాడిని ఎక్కడ దాచుకోను?" అంటాడు. ఈయన్ని తెలివితక్కువవాడు అనడం చాలా తేలిక. నేనలా అనను. పాఠం చెప్పే మనిషి లేకుండా తెర ఒక్కటే పిల్లాడి చేతికిస్తే ఏమవుతుందో ఆయన తన ఇంట్లోనే చూశాడు.

ఇంకో మాట, ఎక్కువమంది తల్లులు అన్నది. "పాడైతే డబ్బులు మమ్మల్ని కట్టమంటారా?" 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో సర్కారు బళ్ళల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు ఇచ్చారు. మరుసటి ఏడు డిసెంబరులో మళ్ళీ ఇచ్చారు. సంతోషమే. కలవారి పిల్లల చేతుల్లో ఉండే వస్తువు మన పిల్లల చేతుల్లోకి వచ్చింది, దాన్ని తక్కువ చేసి నేను మాట్లాడను. కానీ రేకుల ఇంట్లో, వాన కురిసే ఇంట్లో, ఆ ట్యాబు బియ్యం డబ్బాలో గుడ్డ చుట్టి దాచిన తల్లిని నేను చూశాను. పిల్ల ముట్టుకుంటే పగులుతుందని భయం. చదువుకోమని ఇచ్చింది చదువుకోకుండా దాచారు. వాటిలో పాఠాలు నింపిన కంపెనీ 2024లో దివాలా కేసులో పడింది. వస్తువు ఇచ్చేటప్పుడు సభ పెట్టి ఇస్తారు. అది ఆగిపోయినప్పుడు వచ్చి చెప్పడానికి ఎవరూ ఉండరు.

ఇది కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదువేల హైస్కూళ్ళల్లో కంప్యూటరు చదువు పెట్టారు. ప్రైవేటు ఏజెన్సీలకి ఐదేళ్ళకి అప్పగించారు. నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్లని చాలీచాలని జీతానికి పెట్టుకున్నారు. వాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు, డిగ్రీ చదివి. 2013లో గడువు తీరింది. మిషన్లు బడిలో ఉన్నయ్, నేర్పేవాళ్ళు ఇంటికి పోయారు. జీతం కోసం, కొలువు కోసం వాళ్ళు ధర్నాలు చేస్తే వినే నాథుడు లేడు.

ఆ తర్వాత ఒక బడికి పోయాను. ఊరు పేరు చెప్పను. కంప్యూటర్ల గదికి తాళం. హెచ్‌ఎం గారు మంచాయనే, తీయించారు. గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పమన్నారు. దుమ్ము పడకూడదట! లోపల మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నయ్, గుడ్డల మీద వేలెడు దుమ్ము. ఈ గది ఎవరు ఊడుస్తారండీ అన్నాను. పిల్లలే అన్నారు. ఏ పిల్లలు అని అడగలేదు. బయట చీపురు పట్టుకుని నిలబడ్డ ఇద్దరాడపిల్లలు ఏ పల్లె నుంచి వచ్చారో నాకు తెలుసు. ఏమ్మా, కంప్యూటరు నేర్చుకున్నారా అంటే, "చూపించారండీ" అన్నది పెద్దది.

చూపించారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీ పిల్లని ఇవాళ ఇంటికి పోయి అడగండి. చూపించారా, ముట్టుకోనిచ్చారా? ఆరో తరగతి నుంచి పై గదుల్లో ఇప్పుడు గోడంత తెరలు పెట్టారు చాలా బళ్ళల్లో. అది బాగుంది, పాఠం బొమ్మల్లో కనబడుతుంది. కానీ అది కూడా చూసేదే. చూడటం మనకి కొత్త కాదు. గుడిని బయటి నుంచి చూశాం, బావిని దూరం నుంచి చూశాం.

మహద్ సంగతి మీకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బొంబాయి శాసన మండలి 1923లోనే తీర్మానం చేసింది, సర్కారు సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చని. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా చెరువు తెరిచాం అని కాగితం మీద రాసింది. మరి నీళ్ళు ఎప్పుడు తాగారు? 1927 మార్చి 20న, బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని పోయి దోసిలి పట్టినప్పుడు. తీర్మానానికీ దోసిలికీ మధ్య మూడేళ్ళు పైనే. మన బడిలో కంప్యూటరు కూడా ఇప్పుడు ఆ మధ్యలోనే ఉంది. జీవో ఉంది, దోసిలి లేదు.

ఇక మన తప్పు కూడా చెప్పుకోవాలి. కోపం తెచ్చుకోకండి. ఉద్యోగాలొచ్చిన మనవాళ్ళు పిల్లల్ని టౌనులో ప్రైవేటు బడిలో వేశారు. కంప్యూటరు ఫీజు వేరేగా కడుతున్నారు. ఈ బడి కంప్యూటరు గది తాళం గురించి వాళ్ళకి ఎందుకు? వాళ్ళిక్కడుంటే ఆ తాళం ఇన్నాళ్ళు ఉండేది కాదు. ఇంకోటి. ఇంట్లో ఒక ఫోనుంటే అది మగపిల్లాడిది. ఆడపిల్ల అడిగితే "నీకెందుకే" అంటాం. బడిలో ఒక మిషను చుట్టూ ఆరుగురిని కూర్చోబెడితే మౌసు ఎవడి చేతిలో ఉంటుంది? ఆడపిల్ల వెనక నిలబడి మెడ చాపి చూస్తుంది. అందులోనూ మన పిల్ల ఇంకా వెనక. అగ్రవర్ణాలవాళ్ళు మనకి చేసింది మనం మన ఇంట్లో ఆడపిల్లకి చేస్తే ఎట్లా?

సరే, ఏం చేద్దామో అది. మీరు వట్టి అర్జీదారులు కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూలు కమిటీలో మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలి. సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. బడుగువర్గాల తల్లిదండ్రులకి తగిన వాటా ఉండాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఆ ఎన్నికలు కూడా జరిగినయ్. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ముగ్గురు సభ్యులున్నారు. మీటింగుకి పిలిచి, టీ ఇచ్చి, సంతకం పెట్టించుకుని పంపిస్తున్నారని మీరే చెప్పారు. ఈసారి పెన్ను జేబులోనే పెట్టుకుని ముందు అడగండి. టైంటేబులులో కంప్యూటరు పీరియడు వారానికి ఎన్ని రాశారు, అందులో జరిగినవి ఎన్ని? నేర్పే మనిషి ఎవరు, ఏ పోస్టులో ఉన్నారు, లెక్కల మాస్టారికే అంటగట్టారా? తాళం చెవి ఎవరి దగ్గరుంది, ఆయన సెలవు పెడితే ఎవరి దగ్గరుంటుంది? ఏ పిల్ల ఏ రోజు మిషను మీద కూర్చుందో ఒక పుస్తకం పెట్టి రాయమనండి. రోల్‌నంబరు ప్రకారం వంతులు వెయ్యమనండి, అప్పుడు వెనక నిలబడేవాళ్ళు ఉండరు. పాడైతే బాగుచేయించేది బడి, తల్లిదండ్రులు కాదు అని తీర్మానం రాయించండి. ఆ గది ఊడ్చే పని పిల్లలది కాదని కూడా రాయించండి. ఇది మర్చిపోవద్దు.

కళ్ళు పాడవుతాయన్న భయం ఉన్నవాళ్ళు అది కూడా కమిటీలో అడగండి, ఎంతసేపు కూర్చోబెడుతున్నారని. ఆటో తోలే తమ్ముడు వెనకాల ఉన్నాడు. పాఠం చెప్పే మనిషి పక్కన ఉండాలన్న మాట ఆయనదే, అర్జీలో ముందు అదే రాశాం.

అర్జీ ఇక్కడ బల్ల మీదుంది. చదవనివాళ్ళకి మన అమ్మాయి చదివి వినిపిస్తుంది, తొమ్మిదో తరగతి. పూర్తిగా విన్నాకే సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్ళు వెయ్యండి, గీతలు అరిగిపోయినా పర్వాలేదు, ఇది కాగితం, పడుతుంది. వచ్చే సోమవారం పొద్దున ప్రార్థన టయానికి బడి గేటు దగ్గర కలుద్దాం. కూలికి పోయే ముందే అయిపోతుంది.

జై భీమ్.