మోకాలి లోతు నీళ్ళలో నేర్చుకున్న పాఠం

(సంక్రాంతికి జరిగిన పూర్వ విద్యార్థుల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి "అమెరికాలో పాతికేళ్ళున్నావు, ఇంజనీరువి, పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు" అన్నారు. పిల్లలకు పనికొచ్చే మాటలు చెప్పడానికి నాకంటే సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను చేపల గురించి మాట్లాడతాను. నవ్వకండి. చివరికి మన బడి దగ్గరికే వస్తాను.

నేనుండేది టెక్సాస్‌లో, హ్యూస్టన్ నగరంలో. పైపుల్లో ఏ ద్రవం ఎంత వేగంతో పోతుందో లెక్క కట్టడం నా ఉద్యోగం. మా ఇంటి నుంచి గంట ప్రయాణం చేస్తే గాల్వెస్టన్ అఖాతం వస్తుంది. సుమారు 600 చదరపు మైళ్ళ నీళ్ళు, సగటు లోతు మాత్రం ఆరేడు అడుగులే. మధ్యలో ఓడల కోసం తవ్విన కాలువ ఒక్కటే లోతు, నలభై అయిదు అడుగులకు పైమాట. మిగతాదంతా మన కాకినాడ అఖాతంలాగే చదునైన అడుగు, బురద, ఇసుక. మనకు హోప్ ఐలాండ్ అడ్డున్నట్టే వాళ్ళకు గాల్వెస్టన్ దీవి అడ్డు. మనకు గోదావరి పాయలు మంచినీళ్ళు తెచ్చినట్టే వాళ్ళకు ట్రినిటీ, శాన్ హసింటో నదులు తెస్తాయి. మన వైపు కోరంగి మడ అడవులున్న చోట వాళ్ళకు ఎక్కువగా ఉప్పు గడ్డి ఉంటుంది. ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు కలిసే ఇలాంటి చోటే రొయ్య పిల్లలు, పీత పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

పదేళ్ళ కిందట మా ఆఫీసు మిత్రులు నలుగురం కలిసి అక్కడ ఒక గైడుని మాట్లాడుకున్నాం. అక్కడది ఒక వృత్తి. డబ్బు తీసుకుని మనుషుల్ని పడవలో తీసుకెళ్ళాలంటే కోస్ట్ గార్డ్ ఇచ్చే కెప్టెన్ లైసెన్సు ఉండాలి, దాంతోపాటు రాష్ట్రం ఇచ్చే గైడు లైసెన్సు ఉండాలి. చేపలు పట్టే మనమూ లైసెన్సు కొనుక్కోవాలి. పూటకి ఆరేడు వందల డాలర్లు అయ్యింది. నేను ఊరుకోలేదు. వారం ముందు నుంచీ ఉపగ్రహ చిత్రాలు చూశాను, లోతుల పటం ముద్రించుకున్నాను, గాలి లెక్కలు రాసుకున్నాను. చేపలు ఎక్కడుంటాయో నేనే ఆయనకు చూపిద్దామనుకున్నాను.

ఆయనకి అరవై దాటాయి. తండ్రి రొయ్యల పడవ నడిపేవాడట. నా కాగితాలు మర్యాదగా చూసి, మడిచి నా చేతికే ఇచ్చాడు. "ఇవాళ ఉత్తరపు గాలి. ఈ పటంలో ఉన్న నీళ్ళు ఇవాళ అక్కడ ఉండవు" అన్నాడు. నిజమే. ఆ అఖాతంలో పోటుకీ ఆటుకీ తేడా అడుగు అటూ ఇటూగానే ఉంటుంది. చలికాలంలో ఉత్తరం నుంచి గాలి తిరిగితే మాత్రం నీళ్ళని సముద్రంలోకి తోసేస్తుంది, ఆల్చిప్పల దిబ్బలు బయటపడతాయి. పైపుల్లో ఇలా జరగదు కాబట్టి నాకు తట్టలేదు.

చీకటి ఉండగానే బయలుదేరాం. ఆయన పడవ అడుగు చదునుగా ఉంటుంది, అడుగు లోతు నీళ్ళున్నా పోతుంది. ఒడ్డు దగ్గరికి రాగానే ఇంజను ఆపి గెడ తీశాడు. మన కాలువల్లో నావని గెడ వేసి తోసినట్టే వెనక నిలబడి చప్పుడు లేకుండా తోశాడు. ముందు ఎర కావాలి కదా. విసురువల తీశాడు. కొంత భాగం భుజం మీద వేసుకుని, గుళ్ళున్న అంచుని పళ్ళతో కరిచి పట్టుకుని, నడుము తిప్పి విసిరాడు. వల గుండ్రంగా విచ్చుకుని నీటి మీద పడింది.

అంచుని పళ్ళతో కరిచి పట్టుకోవడం చూడగానే నాకు మన క్లాసులో మూడో బెంచీ గుర్తొచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ రోజు ఆయన మాకు నీళ్ళు చదవడం నేర్పాడు. పక్షులు గుంపుగా ఒకేచోట నీళ్ళలోకి దూకుతుంటే, కింద నుంచి చేపలు రొయ్యల్ని పైకి తరుముతున్నాయన్నమాట. నీటి మీద నూనె తెట్టులాగా నునుపుగా ఒక మచ్చ కనపడి, పుచ్చకాయ కోసినట్టు వాసన వస్తే, కింద ట్రౌట్ చేపలు మేస్తున్నాయన్నమాట. నేను నమ్మలేదు. ముక్కు పెట్టి పీల్చాను. పుచ్చకాయ వాసనే! గాలానికి పైన బెండు కట్టి, దాన్ని ఉండుండి లాగితే గుబుక్కుమంటుంది. ఆ చప్పుడికి చేప అటు వస్తుంది. మోకాలి లోతులో దిగి నడిచేటప్పుడు కాలు ఎత్తి వెయ్యకూడదు, అడుగున ఈడ్చుకుంటూ పోవాలి. అప్పుడు ఇసుకలో పడుకున్న టేకు చేప తప్పుకుంటుంది. పైనుంచి తొక్కామో, తోక ముల్లు దిగుతుంది.

అక్కడ అందరూ కోరుకునే చేప రెడ్ ఫిష్. రాగి రంగు, తోక దగ్గర నల్లటి చుక్క. ఇది మనకి పరాయిదేం కాదు, మన గొరకల కుటుంబమే. ఒక్కటి దొరికితే లక్షలొచ్చాయని పేపర్లో పడే మన కచిడి కూడా ఆ కుటుంబమే. లోపలి గాలి తిత్తిని కండరాలతో కదిపి డోలులాంటి చప్పుడు చేస్తాయి కాబట్టి ఇంగ్లీషులో వీటిని డ్రమ్ అంటారు. లోతు తక్కువ చోట తల కిందికి పెట్టి బురదలో పీతల కోసం వెతుకుతుంటే తోక నీటి పైకి లేచి ఎండలో మెరుస్తుంది. ఆ తోకని చూసి, చప్పుడు చెయ్యకుండా దాని ముందు ఎర వెయ్యాలి.

నాకు ఒకటి పడింది. పావుగంట లాగింది. పడవ పక్కకి వచ్చాక కొలబద్ద మీద పెడితే ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు. అక్కడ రెడ్ ఫిష్‌ 20 అంగుళాల కంటే చిన్నదైతే వదిలెయ్యాలి, 28 దాటితే కూడా వదిలెయ్యాలి. మధ్యవి రోజుకి మనిషికి మూడు. లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కడితే మాత్రం పెద్దది ఒకటి ఉంచుకోవచ్చు. నా ట్యాగ్ జేబులోనే ఉంది. గైడు అన్నాడు: "ట్యాగ్ నీది, నిర్ణయం నీది. ఈ చేప ఇన్నాళ్ళూ ఈ అఖాతంలో పెరిగింది. ఇప్పుడు బయట సముద్రంలోకి పోయి గుడ్లు పెట్టే వయసు. వదిలితే ఇంకా ముప్పై ఏళ్ళు పెట్టొచ్చు."

ఆ రెండు హద్దుల వెనక ఒక కథ ఉంది. 1980ల మొదట్లో న్యూ ఆర్లిన్స్ వంటవాడు పాల్ ప్రూడోమ్ రెడ్ ఫిష్‌ని మసాలా పట్టించి పెనం మీద నల్లగా మాడ్చి వడ్డించాడు. దేశమంతా దాని కోసం ఎగబడింది. పెద్ద వలలతో సముద్రంలో గుడ్లు పెట్టే చేపల్నే ఊడ్చారు. టెక్సాస్ 1981లోనే తన నీళ్ళలో పట్టిన రెడ్ ఫిష్, ట్రౌట్ అమ్మకాన్ని నిషేధించింది. 1980ల చివరికి గిల్ నెట్లు ఆపింది, పిల్లల్ని పెంచి అఖాతాల్లో వదలడం మొదలుపెట్టింది. అలా చేపలు మళ్ళీ వచ్చాయి. అయినా ప్రకృతి ముందు మన లెక్కలు ఎంత? 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్క తేల్చింది. లోతు తక్కువ నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి, తొందరగా చల్లబడతాయి. చేపకి పారిపోయే చోటు ఉండదు.

నేను చేపని నీళ్ళలోనే పట్టుకుని, మొప్పలు ఆడేదాకా ఆగి, వదిలేశాను. తోకతో నా మొహం మీద నీళ్ళు కొట్టి పోయింది. చాలా గొప్ప పని చేసినట్టు అనిపించింది.

పడవ ఒడ్డుకి వస్తుంటే గైడు అన్నాడు: "రేపు కూడా వస్తానంటే ఇంత పెందరాళే లేవక్కర్లేదు. పోటు రోజూ ముప్పావు గంట, గంట ఆలస్యంగా వస్తుంది కదా."

అక్కడే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

ఇప్పుడు మూడో బెంచీ సంగతి. మా ఎనిమిదో తరగతిలో ఒక మిత్రుడు ఉండేవాడు. పేరు చెప్పను, చెప్పమని నాకు అనుమతి ఇవ్వలేదు. తెల్లవారుజామున వాళ్ళ నాన్నతో వేటకెళ్ళి, ఆ లాగుతోనే బడికొచ్చేవాడు. చేపల వాసన వస్తోందని ఆ బెంచీలో ఎవరూ కూర్చునేవాళ్ళం కాదు. ఒకరోజు సైన్సు మాస్టారు "పోటు ఎందుకు వస్తుంది?" అని అడిగారు. నేను లేచి చంద్రుడి ఆకర్షణ శక్తి అని పుస్తకంలో ఉన్నట్టు అప్పజెప్పాను. వాడు లేచి, "పోటు రోజూ ముప్పావు గంట ఆలస్యంగా వస్తుందండి మాస్టారూ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అడిగినదేమిటి, వీడు చెప్పేదేమిటి అని.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. చంద్రుడు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, పోటూ అంతే. నేను చెప్పిన జవాబుకి రుజువు వాడి జవాబులో ఉంది. వాడు దాన్ని చదవలేదు, చూశాడు. కాలు ఈడ్చి నడవమని మడల దగ్గర నాకు మొదట చెప్పింది వాడే. వలని పళ్ళతో పట్టుకోవడం చూపించిందీ వాడే. ఆ ఏడాది పరీక్షలకు ముందే, వాళ్ళ నాన్నకి పడవ మీద ఇంకో చెయ్యి కావాల్సొచ్చి, బడి మానేశాడు. నాకు ఇంకో రెండేళ్ళు బెంచీ మార్పు లేదు. వాడు ఉన్నాడో లేడో కూడా పట్టించుకోలేదు. నలభై ఏళ్ళ తర్వాత అదే పాఠం చెప్పించుకోవడానికి వందల డాలర్లు కట్టాను.

మొన్న భోగి నాడు వాడిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఒడ్డున వల బాగు చేసుకుంటున్నాడు. "ఏరా, బాగా లావయ్యావు" అన్నాడు. నేను నా రెడ్ ఫిష్ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "పట్టి, కొలిచి, వదిలేశావా?" అన్నాడు. "అవున్రా." "ఆ రోజు ఇంట్లో కూరేంటి?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. మా ఇంట్లో ఫ్రిజ్ నిండా కూరలున్నాయి.

తర్వాత వాడే అన్నాడు: "మేమూ వదుల్తాంరా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలని. నువ్వు ఒక చేప వదిలావు, మేం రెండు నెలల కూడు వదుల్తాం." కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. అది తప్పని చెప్పే లెక్క నా దగ్గర ఏదీ లేదు.

స్వర్ణోత్సవానికి రమ్మన్నాను. వల మీద నుంచి తల ఎత్తకుండా, "పూర్వ విద్యార్థులంటే చదువు అయినవాళ్ళు కదరా. నాది అవ్వలేదు" అన్నాడు.

అయ్యా, మన సంఘం సభ్యుల పట్టీ నేను చూశాను. పదో తరగతి పాసైన సంవత్సరం వారీగా ఉంది. పాసవ్వనివాళ్ళకి, మధ్యలో మానేసినవాళ్ళకి అందులో గడి లేదు. ఎవరూ కావాలని చెయ్యలేదు, ఫారం అలా తయారైంది. కానీ ఈ గోడల మధ్య ఒక్క ఏడాది కూర్చున్నా వాళ్ళు మన బడి పిల్లలే. హాజరు పట్టీలు ఆఫీసు గదిలో ఉన్నాయని ప్రధానోపాధ్యాయులు గారు చెప్పారు. వాటిలోంచి పేర్లు రాసుకునే పని నేను చేస్తాను, ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటాను. నాకు తోడు ఇద్దరు కావాలి. సభ్యత్వం ఫారంలో "పాసైన సంవత్సరం" అన్న చోట "చదివిన సంవత్సరాలు" అని మార్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఇంకొక్క మాట. ఎనిమిదో తరగతి పిల్లలకు పోటు పాఠం చెప్పేటప్పుడు, ఒక్కరోజు వాళ్ళని ఒడ్డుకి తీసుకెళ్ళమని ఇప్పటి సైన్సు టీచర్లకు మనవి. చెప్పేవాడిని నేను చూపిస్తాను. అడిగాను. "నేనా? పిల్లలకా?" అని నవ్వాడు గానీ, రానని అనలేదు. ఏ రోజు వీలవుతుందని అడిగితే చంద్రుడి వైపు చూసి, "పౌర్ణమి వెళ్ళాక రెండు రోజులాగి, పొద్దున్నే" అన్నాడు.