పాఠ్యప్రణాళిక ఏ గదిలో తయారవుతుంది?

(మైనారిటీ విద్యా సమస్యలపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన వాళ్లం. చరిత్రకారులం కాము. కనుక ఈ పూట చరిత్రను గురించి ఉపన్యసించే సాహసం చేయము. చరిత్ర పాఠం ఏ బల్ల మీదినుంచి ఏ బల్ల మీదికి వెళ్లి, ఎవరి సంతకంతో పాఠమవుతుందో చెబుతాము. ఫైలు నడక మాకు తెలిసిన విద్య.

ముందు మా పొరపాటును ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం బి.ఏ. చరిత్ర కొత్త సిలబస్ ప్రతి ఒకటి మా చేతికి వచ్చింది. అందులో కుతుబ్ షాహీల కాలం కట్టడాల జాబితాగా మిగిలింది. 1857 తిరుగుబాటు ఢిల్లీ, కాన్పూరు, లక్నోలతో ముగిసింది. ఆ ఏడాది జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ల నాయకత్వంలో హైదరాబాదు రెసిడెన్సీపై జరిగిన దాడి మాటే లేదు. ఆ రెసిడెన్సీ భవనమే తరువాతి కాలంలో కోఠీ మహిళా కళాశాల అయింది. దాడి జరిగిన చోటే చరిత్ర పాఠాలు చెప్పుకునే రాష్ట్రంలో ఆ దాడికి ఒక పంక్తి దొరకలేదు!

ఆవేశంతో రెండు పుటల అర్జీ రాశాము. స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్న ముస్లింల పేర్లు వరుసగా పేర్చి, నలభై సంతకాలు చేయించి, జూలై నెలలో ఆ కళాశాలకు వెళ్లాము. ప్రిన్సిపాల్ గారు టీ ఇప్పించి చరిత్ర శాఖాధిపతి వద్దకు పంపారు. ఆయన అర్జీని పూర్తిగా చదివారు. అది కూడా అరుదే. తరువాత మూడే ప్రశ్నలు అడిగారు. "పెద్దలు మీరు, తప్పుగా అనుకోకండి. ఈ పేర్లలో ఒక్కరి గురించైనా విద్యార్థి చదువుకోవడానికి ఏ గ్రంథం సూచించమంటారు? ఏ యూనిట్ లో పెట్టమంటారు? దానికి చోటివ్వడానికి ఏది తీసేయమంటారు?"

మా వద్ద సమాధానం లేదు. "పైగా బోర్డు సమావేశం ఏప్రిల్ లోనే అయిపోయిందండీ" అన్నారాయన. తిరుగు బస్సులో ఆయనను తిట్టుకున్నాము. ఇంటికి చేరి ఆలోచిస్తే, ఆయన అడిగినవి న్యాయమైన ప్రశ్నలనిపించింది. మా కార్యాలయానికి ఎవరైనా గడువు దాటాక, ఆధారం లేని అర్జీ తెస్తే మేము చేసిందీ అంతే కదా.

ఆ తరువాతనే ఆ బోర్డు అంటే ఏమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాము. స్వయంప్రతిపత్తి గల కళాశాలలో ప్రతి శాఖకూ ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది. తెలుగులో పాఠ్యనిర్ణాయక మండలి అందాము. దాని కూర్పును యూజీసీ నిబంధనలే నిర్దేశించాయి. శాఖాధిపతి అధ్యక్షుడు, శాఖలోని అధ్యాపకులు సభ్యులు. మాతృ విశ్వవిద్యాలయానికి వెలుపలి నిపుణులు ఇద్దరు. ప్రిన్సిపాల్ పంపిన ఆరు పేర్లలో నుంచి ఉపకులపతి ఎంపిక చేసే నిపుణుడు ఒకరు. పరిశ్రమ, ఉపాధి రంగాల ప్రతినిధి ఒకరు. చరిత్రకు పరిశ్రమేమిటని మొదట నవ్వుకున్నాము గాని, మ్యూజియములు, పర్యాటకం, తార్నాకలోని రాష్ట్ర పురాపత్ర భాండాగారం ఉన్నాయి కదా! చివరిది మనం గుర్తుంచుకోవలసిన కుర్చీ. అదే కళాశాలలో చదివి, పోస్టు గ్రాడ్యుయేషన్ పూర్తిచేసిన ప్రతిభావంతుడైన పూర్వ విద్యార్థి ఒకరు. ఆయనను ప్రిన్సిపాలే నామినేట్ చేస్తారు.

ఈ మండలి పాఠ్యాంశాలను, చదవవలసిన గ్రంథాలను నిర్ణయించి, పరీక్షకుల పేర్లను కూడా సూచిస్తుంది. దాని తీర్మానం అకడమిక్ కౌన్సిల్ కు వెళుతుంది. కౌన్సిల్ యథాతథంగా గాని, సవరణలతో గాని ఆమోదించవచ్చు. అంగీకరించని పక్షంలో పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, తిరస్కరించనూవచ్చు. అయితే కారణాలు చెప్పి మాత్రమే ఆ పని చేయాలి. ఇది నిబంధనలో ఉన్న మాట, మా మాట కాదు. కారణం రాయకుండా ఫైలు తిప్పి పంపడం ఎంత సులువో, రాయవలసి వచ్చినప్పుడు కలం ఎంతగా తడబడుతుందో మాకు బాగా తెలుసు.

స్వయంప్రతిపత్తి లేని కళాశాలలకు ఇదంతా విశ్వవిద్యాలయపు బోర్డులోనే జరుగుతుంది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఉమ్మడి చట్రం ఒకటి ఇస్తుంది. అక్కడ కుర్చీ దూరమవుతుంది గాని, దారి అదే.

బోర్డులో గెలిస్తే చాలదనడానికి ఢిల్లీ విశ్వవిద్యాలయమే సాక్ష్యం. అక్కడి బి.ఏ. చరిత్రలో ఏ.కె. రామానుజన్ రామాయణ సంప్రదాయాలపై రాసిన వ్యాసం ఉండేది. 2008లో ఆందోళనకారులు చరిత్ర శాఖపై దాడి చేశారు. వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. అభిప్రాయం చెప్పిన నలుగురు నిపుణులలో ముగ్గురు వ్యాసాన్ని ఉంచవచ్చన్నారు. శాఖ కూడా ఉంచాలనే కోరింది. అయినా 2011 అక్టోబరులో అకడమిక్ కౌన్సిల్ దానిని తొలగించింది. కొందరు సభ్యులు అసమ్మతిని నమోదు చేశారు. ఆ వ్యాసం మనకు సంబంధించినది కాదని మనలో కొందరు అనుకోవచ్చు. ఒక శాఖ చదివి, చర్చించి తీసుకున్న నిర్ణయాన్ని పై గదిలో చేతులెత్తి కొట్టివేయగలిగిన చోట, రేపు ఎవరి పాఠమైనా పోతుంది.

ఇక మనం ఏమి అడగాలన్న విషయం. పేర్ల జాబితా అడగవద్దు. అది పాఠం కాదు, హాజరు పట్టీ. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన యయాతి చరిత్రను అచ్చ తెలుగులో రాసి అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. దీనిని భాషా సాంస్కృతిక చరిత్ర యూనిట్ లో పెట్టడానికి కొత్త చోటు అక్కరలేదు, ఉన్న చోటే చాలు. గ్రంథమేదని అడిగితే, ఉస్మానియా చరిత్ర శాఖకు పునాదులు వేసిన హరూన్ ఖాన్ షేర్వాణీ కుతుబ్ షాహీ వంశంపై రాసిన పెద్ద గ్రంథం ఉంది.

మనకు నచ్చనిది కూడా అడగాలి. ఈ మాట అన్నందుకు మా సంఘంలోనే కొందరు మాపై కోపించారు. రజాకార్ల దౌర్జన్యాలను పాఠంలో నుంచి తీసేయమనే హక్కు మనకు లేదు. వాటిని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణం కోల్పోయిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మనవాడే. ఆయన పేరుతో పాటు, ఆ సెప్టెంబరు సైనిక చర్య సమయంలోనూ తరువాతనూ జరిగిన హత్యలపై పండిత్ సుందర్ లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ లు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికనూ చదివించమని అడగాలి. మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని ఆ నివేదిక అంచనా వేసింది. అది పరిశోధకులకు బహిరంగంగా అందుబాటులోకి వచ్చింది 2013లో. ఒకే యూనిట్ లో రెండూ ఉంటే ఏ బోర్డూ మనల్ని పక్షపాతులనలేదు. ఒకటి ఉంచి రెండవది తీసేస్తే, ఎందుకు తీసేశారని అడిగే బలం మనకు ఉంటుంది.

ఎలా అడగాలి? ప్రభుత్వ కళాశాలలు, విశ్వవిద్యాలయాలు సమాచార హక్కు చట్టం పరిధిలోనివి. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి బోర్డు సభ్యుల పేర్లు, గత సమావేశపు మినిట్స్, కౌన్సిల్ చేసిన మార్పుల ప్రతులు కోరవచ్చు. 30 రోజులలో జవాబివ్వాలి. మేము ఒక కళాశాలకు పెట్టాము. జవాబు ఇరవై ఎనిమిదవ రోజున వచ్చింది. ఆ మినిట్స్ చదివితే ఆశ్చర్యం కలిగింది. చరిత్ర బోర్డు మూడు సెమిస్టర్ల పాఠ్యాంశాలను ఒక్క మధ్యాహ్నంలో ఆమోదించింది. పూర్వ విద్యార్థి గడిలో "హాజరు కాలేదు" అని ఉంది. మన పాఠాన్ని ఎవరో కుట్ర చేసి తీసేశారని అన్నాళ్లూ అనుకున్నాము. ఆ రోజు అక్కడ అడిగేవారే లేరు.

వచ్చే సమావేశం మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో ఉండవచ్చు. ఈసారి అర్జీ డిసెంబరులోనే ఇస్తున్నాము. రెండు పుటలు కాదు, ఒకటే. ఏ యూనిట్, ఏ గ్రంథం, ఏ పుటలు, ఎన్ని తరగతులు, ఏ భాగాన్ని కుదించవచ్చు అన్నది పట్టికగా రాశాము. రెసిడెన్సీ దాడి గురించి తెలుగులో విద్యార్థికి చదవదగిన వ్యాసం ఇంకా కుదరలేదు. ఉర్దూలో ఉన్నవి ఇద్దరు మిత్రులు అనువదిస్తున్నారు. ఉర్దూ, తెలుగు రెండూ బాగా వచ్చిన ఆడపిల్లలు ఈ సభలో ఉంటే వారికి చేయూతనివ్వండి.

ఇంకొక పని మిగిలింది. మన జిల్లా కళాశాలల్లో డిగ్రీ చదివి, చరిత్రలో ఎం.ఏ. చేసిన మన పిల్లల జాబితా మా వద్ద లేదు. ఖాళీగా ఉండే ఆ పూర్వ విద్యార్థి కుర్చీకి ప్రిన్సిపాల్ గారికి పేర్లు సూచించాలంటే ముందు అది కావాలి. ద్వారం పక్కన బల్ల మీద రిజిస్టరు పెట్టాము. భోజనానికి వెళ్లేముందు కళాశాల పేరు, ఎం.ఏ. పూర్తిచేసిన సంవత్సరం, ఫోను నంబరు రాయండి. అక్షరాలు విడివిడిగా రాయండి, రేపు వాటిని చదవవలసింది మేమే.