పాటయు ప్లేటును



1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా విచ్చేసిరి. ఒక సాయంకాలము 'జనగణమన'ను స్వయముగా పాడిరి. వంగభాష యెరుగని విద్యార్థులును పల్లవిని అందుకొని గొంతు కలిపిరట. ఆ దినములలోనే ఆ గీతమును ఆంగ్లమున ననువదించి స్వహస్తముతో వ్రాసి యిచ్చిరి. సంగీతమున పట్టభద్రురాలైన మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని స్వరలిపిలో పొందుపరచిరి.

నాటి సాయంకాలములో మిగిలినదెంత? కాగితముపై పదములు నిలిచినవి, స్వరములు నిలిచినవి. మహాకవి యెచ్చట ఊపిరి తీసికొనిరో, పిల్లల గొంతు లెచ్చట తడబడెనో ఆ కాగితము చెప్పజాలదు. 1950 జనవరి 24న ఆ గీతములోని మొదటి చరణము జాతీయగీత మైనది. పాడుటకు ఇంచుమించు 52 సెకండ్లని కొలత యేర్పడినది. దేశమంతయు ఒక్కటిగా పాడవలసిన పాటకు ఒక్క కొలత యుండుట సబబే. ఇతర గానమునకు ఆ న్యాయము చెల్లునా?

1902లో కలకత్తాలో గ్రామఫోనుకు పాడిన గౌహర్ జాన్ పాట ముగియగనే తన పేరు తానే చెప్పెడిది. ప్లేట్లు జర్మనీలో అచ్చగుచుండెను. అచటి పనివారికి గాయని యెవరో తెలియవలెను గదా! నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి పది అంగుళముల లక్కప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచె మెక్కువ పట్టును. రాగమైనను, పద్యమైనను అందులో ఇముడవలసినదే.

డి.వి. సుబ్బారావుగారి హరిశ్చంద్ర పద్యములు ఆ ప్లేట్లమీదనే పల్లెలకు చేరినవి. నాటకమునకు పోజాలని వాడును కాటిసీను వినెను. ఆ మేలు మరువరానిది. చిక్కు పిమ్మట వచ్చెను. రంగస్థలముపై నటుడు 'వన్స్ మోర్' అనినప్పుడెల్ల రాగమును కొత్తగా పెంచెడివాడు. ప్లేటు మరగిన చెవులు అదే మలుపు అదే చోట కోరినవి. వేరుగా పాడినవానిని 'తప్పినా' డనినవి. ఒకనాడు గడియారము చూచి పాడిన పాట అన్ని రాత్రులకు తూనికరాయి యైనది. అడంగలు చూపి పైరునే తప్పుపట్టిన కరణమును రైతులు మెత్తురా?

కుప్పము, పుంగనూరు ప్రాంతములలో భారతోత్సవమున పగలు హరికథ, రాత్రి వీథినాటకము జరుగును. కడపట నేలమీద మట్టితో తీర్చిన దుర్యోధనుని భీమవేషధారి వధించును. నేడు ఫోనులో తెల్లవార్లు పట్టవచ్చును. మూడు నిమిషముల గడువు లేదు. ఐనను ఆ ఫోను వేషగానివైపే చూచును. వంతపాటకు తల లూపెడి ముసలివారు, తల్లుల ఒడిలో నిద్రించెడి పిల్లలు అందు కానరారు. అంతకన్న పెద్ద కొరత, పేరు లేకపోవుట. గౌహర్ జాన్ చేసినపాటి పని నేడు చేయువారు అరుదు. వేషగాడు గతించిన పిమ్మట, ఈ గొంతెవరిదని మనుమడడిగిన చెప్పువా రుండరు.

కనుక గ్రంథాలయములో ఒక దస్తరము తెరువవలెను. వేషము, పాడినవాని పేరు, ఊరు, తేది అందు వ్రాయవలెను. ఒకే పద్యమును రెండు మూడు రాత్రులు పట్టి ప్రక్కప్రక్కన నుంచవలెను. అప్పుడు వినువాడు ఏది సరియని గాక, ఎన్ని తీరులని అడుగును. రాబోవు భారతమునకు ముందే దస్తరము సిద్ధము కావలెను. కొందరు పెద్దలకు అదియే కడపటి వేషము కావచ్చును. మొదటి పుటలో మద్దెల వాయించువాని పేరు వ్రాయుట మేలు. అందరును మొదట మరచునది వానినే.