ముట్లుడిగిన పిమ్మటి బాధలు – వాని చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో ప్రసంగమనగా పురాణమో, కావ్యమో, గ్రంథాలయోద్యమ చరిత్రమో విషయముగా నుండుట వాడుక. నేటి విషయము వానిలో దేనికిని చెందినది కాదు. నలుగురిలో పలుకుటకు సిగ్గుగొలుపునది. అయినను ఈ గ్రంథాలయమునకు వచ్చువారి ప్రతి యింటను ఒక తల్లియో, అత్తయో, అక్కయో కలదు. ఆమె మౌనముగా అనుభవించు బాధ యెట్టిదో, దానికి చికిత్స కలదో లేదో తెలియజేయుట పుస్తకములున్న చోట జరుగవలసిన పనియే.

స్త్రీకి 12వ యేట మొదలైన రజస్సు 50వ యేటికి క్షయించునని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. మన దేశమున నేడు అది సగటున 46, 47 యేండ్లకే జరుగుచున్నదని వైద్యుల లెక్క. గర్భసంచితో పాటు అండాశయములను గూడ తీయించుకొన్నవారికి ఆ దినముననే జరిగినట్లు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు హెచ్చుగా నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములే ముందున్నవి. కావున ఇది ముసలివారి విషయము మాత్రమే కాదు. నలుబది యేండ్లు నిండని వారిది కూడ.

ముట్లుడిగినపుడు ఒంటికి ఆవిరులు, చెమటలు వచ్చునని అందరు నెరుగుదురు. అవి సాధారణముగా కొన్ని యేండ్లకు తగ్గును. రెండవ తెగ బాధలు అట్లు తగ్గవు; చికిత్స లేనిచో కాలము గడచిన కొలది హెచ్చవచ్చును. యోని పొడియారి మండును, దురద పుట్టును. దాంపత్యము నొప్పి కలిగించును. మూత్రము మాటిమాటికి వచ్చును, వచ్చినపుడు ఆపుకొన శక్యము గాదు. రాత్రి మూడు నాలుగు మారులు లేవవలసి వచ్చును. మూత్రపు ఇన్ఫెక్షను మందుతో తగ్గి మరల తిరుగబెట్టును. ముట్లుడిగిన స్త్రీలలో ఇంచుమించు సగము మందికి వీనిలో ఏదో యొకటి యుండును.

అట్టి యొక గృహిణిని తలచుకొనుడు. పెండ్లికి పిలుపు వచ్చినచో, బస్సులో రెండు గంటలు కూర్చుండలేనని మానుకొనును. తప్పని ప్రయాణమైనచో ఉదయము నుండి నీరు ముట్టదు. నీరు చాలక మూత్రము చిక్కబడి మంట మరింత యగును. వేడిచేసినదనుకొని మజ్జిగ త్రాగి ఊరకుండును. భర్త దరి చేరగా తొలగిపోవును; కారణము చెప్పజాలదు. ఆయన దానిని విముఖతగా నెంచును. కోడలితో చెప్పుటకు సిగ్గు, కొడుకుతో చెప్పుటకు అంతకన్న సిగ్గు. వయసు మీరిన పిమ్మట ఇవన్నియు ఉండునవే యని ఆమె తన్ను తాను సమాధానపరచుకొనును.

ఇది వయసు దోషము మాత్రమే యనుకొనుట పొరపాటు. అండాశయములు పుట్టించు ఈస్ట్రోజెన్ అను రసము తగ్గుటయే దీనికి మూలము. ఆ జాతి రసములలో నొకదానిని 1929లో అమెరికాలో డాయిసీ, జర్మనీలో బ్యూటెనాండ్ట్ వేరువేరుగా శుద్ధరూపమున వెలికి తీసిరి. యోని గోడలను దళసరిగను, తడిగను ఉంచునది ఆ రసమే. దాని బలము చేతనే అచ్చట మేలుచేయు సూక్ష్మజీవులు నివసించి, పెరుగును తోడు పెట్టినట్లు పులుపును పుట్టించి, చెడు క్రిములను రానీయవు. రసము తగ్గగా గోడ పలుచనగును, పులుపు తగ్గును, చెడు క్రిములు చేరును. మూత్రనాళమును ఆ రసముపైననే ఆధారపడియుండుట వలన దానికిని ఇదే గతి పట్టును.

లోపించినది అచ్చట గనుక మందును అచ్చటనే ఉంచుట నేటి వైద్యుల పద్ధతి. ఇది లేపన రూపమునను, చిన్న మాత్రల రూపమునను దొరకును. మొదట రెండు మూడు వారములు ప్రతిదినము రాత్రి, పిమ్మట వారమునకు రెండు మారులు యోనిలో ఉంచుకొనవలెను. గుణము ఒకనాట కనబడదు. కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలు పట్టును. మానివేసినచో బాధ మరల వచ్చును. 1993లో రాజ్, స్టామ్ అను వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, మాటిమాటికి మూత్రపు ఇన్ఫెక్షను వచ్చు స్త్రీలకు ఈస్ట్రియోల్ లేపనము నీయగా, సంవత్సరమునకు సగటున 0.5 మారులే ఇన్ఫెక్షను వచ్చినది; మందు లేని లేపనము నిచ్చినవారికి 5.9 మారులు వచ్చినది.

ఇంతటి మందును వాడుటకు వెనుదీయుట ఏల? భయము చేత. 2002లో అమెరికాలో, నోటి ద్వారా హార్మోను మాత్రలు మ్రింగిన స్త్రీలపై జరిగిన పెద్ద పరిశోధన రొమ్ము క్యాన్సరు, పక్షవాతము, గుండెజబ్బు హెచ్చినవని నడుమ నిలిపివేయబడినది. అచ్చటి నుండి ఆ హెచ్చరికయే లేపనముల పొట్లములోని కాగితమునకును ఎక్కినది. చదువుకొన్న కుమార్తె ఆ కాగితమును చదివి, తల్లి చేతిలోని మందును పారవేయించును.

లెక్క చూడుడు. ఒక చిన్న మాత్రలో నుండు ఈస్ట్రడయోల్ 10 మైక్రోగ్రాములు. మొదటి 14 దినములకు 14, తరువాతి 50 వారములకు నూరు; సంవత్సరమునకు 114 మాత్రలు. వానిలోని మందంతయు కలిపి 1.14 మిల్లీగ్రాములు. నోటి ద్వారా మ్రింగు మాత్ర యొక్కటే 1 మిల్లీగ్రాము. ఒకరు ఒక దినమున మ్రింగునది మరియొకరికి ఇంచుమించు ఏడాదికి సరిపోవుచున్నది. చెరువు తూము తెరచి పొలమంతయు ముంచుట వేరు. మొక్క మొదట చెంబెడు నీళ్లు పోయుట వేరు. ఈ చికిత్స వాడినవారికి క్యాన్సరుగాని గుండెజబ్బుగాని హెచ్చలేదని 2018లో అమెరికాలోనే ప్రకటించిరి. 2025 నవంబరులో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఆ పెద్ద హెచ్చరికను తొలగింప బూనుకొన్నది.

అట్లని ఎవరికి వారు కొనితెచ్చి వాడరాదు. ముట్లుడిగి ఏడాది గడచిన పిమ్మట ఒక్క చుక్క రక్తము కనబడినను ముందు పరీక్ష జరుగవలెను. రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందినవారు ఆ వైద్యుని సమ్మతి లేక వాడరాదు. మాటిమాటికి మూత్రము మధుమేహము వలనను వచ్చును గనుక రక్తమును, మూత్రమును పరీక్షింపజేయవలెను. దగ్గినపుడు, తుమ్మినపుడు మూత్రము జారుటకు ఈ మందొక్కటే చాలదు. బాధ స్వల్పమైనచో హార్మోను లేని తేమ లేపనములే చాలవచ్చును. సబ్బుతో లోపల కడుగుట మాత్రము అందరును మానవలెను.

సోదరీమణులారా! వైద్యురాలి యెదుట "నీరసముగా నున్నది" అని చెప్పి రాకుడు. పొడిగా నున్నది, మండుచున్నది, రాత్రి ఇన్నిమారులు లేచుచున్నాను అని స్పష్టముగా చెప్పుడు. సోదరులారా! ఆసుపత్రికి తోడు వెళ్లుడు, కారణమడిగి కోపింపకుడు. చదువు నేర్చిన బిడ్డలారా! మందు కాగితమును చదివి భయము కలిగినచో, మందును పారవేయక, ఆ కాగితముతోనే వైద్యుని యొద్దకు పొండు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరి వారికి చదువు నొసంగినది. ఆ చదువు ఇంటిలోని పెద్దదిక్కునకు ఒక్క రాత్రి సుఖనిద్రను సమకూర్చినను ఈ ఉత్సవము సార్థకమగును. 

శుభమ్.