దరఖాస్తు గడిలో పట్టని జీవితం

(విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)



మనిషి తన జీవితకథను తానే రాసుకుంటాడని ఆధునిక సమాజం నమ్మబలుకుతుంది. రాయడానికి ఇచ్చే కాగితంపై మాత్రం ముందే గడులు గీసి పెడుతుంది. మతం, కులం, మాతృభాష, వృత్తి. ఒక్కో గడిలో ఒక్క మాటే పట్టాలి.

కృష్ణా డెల్టా నూర్‌బాషాలనే తీసుకుందాం. ఇంటి భాష తెలుగు, నమాజు అరబ్బీ. బూరుగు దూదిని ఏకి పరుపులు కుట్టడం తాతలనాటి పని. ఊరివారికి వారు సాయిబులే. ఉర్దూ మాట్లాడే సాయిబులు మాత్రం దూదేకులవారంటూ వేరుగా చూశారు, ముఖ్యంగా పెళ్లి సంబంధాల దగ్గర. ఈ సంగతి మన సభల్లో చెప్పుకోవడానికి మొహమాటపడతాం. చెప్పుకోకపోతే మన హక్కుల వాదనలో సగం అబద్ధమవుతుంది. యంత్రాలు, ఫోము పరుపులు వచ్చాక దూది ఏకే విల్లు అటకెక్కింది. వృత్తి పోయినా దాని పేరు ధ్రువపత్రంలో మిగిలింది.

ఆ పేరు వల్ల మేలు జరగలేదని మేము అనడం లేదు. 1970లో దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషాలు వెనుకబడిన తరగతుల 'బి' గ్రూపులో చేరారు. 2007 చట్టం షేక్, ఖురేషీ, ఫకీరు వంటి సమూహాలకు 'ఇ' గ్రూపు కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నిలబెట్టింది. ఆ గడి చెరిగిపోతే వించిపేట పిల్లల చదువులకు దారి మూసుకుపోతుంది. కనుక దానిని వదులుకోమనే సలహా మాకు సమ్మతం కాదు.

అయితే సీటు కోరేటప్పుడు ఆ పిల్లవాడు తన వంశాన్ని వెనుకబాటుగా మాత్రమే చెప్పుకోవాలి. అద్దె ఇల్లు అడిగేటప్పుడు పేరు చెప్పడానికి తటపటాయించాలి. రచ్చబండ దగ్గర దేశభక్తికి రుజువు చూపాలి. ఒకే మనిషికి మూడు కథలు, మూడూ ఇతరులు అడిగినవే. అడగకుండానే చెప్పిన కథ మనకు అరుదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వెలువరించడం అందుకే పెద్ద సంఘటన అయింది.

కవులు ఒక్కరే చేయగల పని కాదిది. మన పెద్దల జీవితాలను వారి తెలుగులోనే నమోదు చేద్దాం. ముందుగా పరుపులు కుట్టిన ఆడవారి దగ్గరకు వెళదాం. వారి వృత్తి గడిలో ఇన్నేళ్లూ 'గృహిణి' అనే రాశారు.