పాత బండి అడుగున

(లక్సెట్టిపేటలో మెకానిక్కులు, డెంటర్లు, పాత కార్ల యజమానులు కలిసిన సభలో చేసిన ఉపన్యాసం)



పాత కారును బాగు చేయించడానికి లక్షలు పోస్తున్న కాలమిది. ఇంజిన్ బోరింగు, కొత్త వైరింగు, సీట్లకు లెదరు, పైన మెరుగు పెట్టిన రంగు. అన్నీ అయ్యాక చివరి రోజు బండిని ర్యాంపు ఎక్కించి, కింద ఇంత నల్ల పూత కొట్టి, అండర్ కోటింగ్ అయిపోయిందని తాళాలు చేతికిస్తారు. ఆ చివరి రోజు పని మొదటి రోజు జరగాలని నేను గట్టిగా నమ్ముతాను. పూత ఎంత మందంగా ఉంటే బండి అంత భద్రం అనుకుంటాం గానీ, మన దగ్గర ఎక్కువ బండ్లు ఆ మందం చాటునే జంగు పట్టి పోతున్నాయి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ముందు మన బండ్ల కట్టుబడి చూద్దాం. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి 2014 దాకా తయారుచేసిన అంబాసిడర్ మూలం ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. లారీకి, జీపుకు ఉన్నట్టు దానికి విడిగా ఛాసిస్ లేదు. ఫ్లోరు, రెండు పక్కలా డోర్ల కింద పోయే సిల్లులు, వాటికి అతికిన బోలు రేకు పెట్టెలు, ఇవన్నీ కలిసి బరువు మోస్తాయి. వెనక కమాన్ పట్టీల హ్యాంగర్లు కూడా ఆ రేకునే పట్టుకొని ఉంటాయి. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై తర్వాత పద్మినిగా పేరు మారిన బండి సంగతీ అంతే. జీపుకు ఫ్లోరు పోతే ఇంకో ఫ్లోరు బిగించుకోవచ్చు. అంబాసిడర్‌కో పద్మినికో ఫ్లోరు అంచు, సిల్లు పోయాయంటే ఛాసిస్ పోయినట్టే లెక్క. డోరు మూసుకోక ఎత్తి వేయాల్సి వస్తున్నదంటే కీలును అనుమానించే ముందు సిల్లు కింద చెయ్యి పెట్టి చూడండి.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండి అయి ఉండాలి. ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచి ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కాబట్టి అసలు రేకును కాపాడుకోవడం ఒట్టి ముచ్చట అనుకోకండి. కోసి పారేసి కొత్త రేకు అతికించే పరిస్థితి రాకుండా చూసుకోవడమే అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా మర్యాద కూడా.

కాపాడుకున్న బండి చూడాలంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చి, బండి చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. ఆ బండి మొత్తం తిరిగింది కొన్ని వందల మైళ్లే. దాన్ని బాగు చేయించి నీడపట్టున ఉంచారు, చూసి తీరాల్సిన బండి. మన బండ్లు అట్లా బతకవు. పెళ్లికి పోతాయి, ధర్మపురి జాతరకు పోతాయి, గూడెం గుట్టకు పోతాయి. తిరిగే బండికి కావలసిన రక్షణ వేరు.

మన రోడ్ల సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. జగిత్యాల నుంచి వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట మీదుగా మంచిర్యాలకు పోతుంది. మంచిర్యాల వైపు బొగ్గు, కంకర, జైపూర్ కరెంటు ప్లాంటు బూడిద మోసే బండ్లు తిరుగుతాయి. జన్నారం వైపు పోతే కవ్వాల అడవి రోడ్డు. ఎదురుగా బస్సు వస్తే సైడు దిగాలి, దిగితే మొరం.

టైరు గాళ్లల్లో ఇరుక్కున్న కంకర రాయి చక్రం తిరిగే ఊపులో విడిపడి, దాదాపు బండి వేగంతోనే వెనక్కి కొడుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ బలం నాలుగు రెట్లవుతుంది. 40 మీద తగిలే రాయికీ 80 మీద తగిలే రాయికీ ఉన్న తేడా అది. ఆ రాయి తగిలే చోట్లు కూడా తెలిసినవే. ముందు చక్రం వెనక సిల్లు మొన, ఫ్లోరు అంచు, వెనక మడ్‌గార్డు లోపలి ముందు భాగం, యాక్సిల్ హౌసింగు, పెట్రోలు ట్యాంకు ముందు ముఖం, బ్రేకు పైపులు. అడుగంతా ఒకే తీరుగా దెబ్బ తినదు. అందుకే అడుగంతా ఒకే పూత పూయడం నాకు నచ్చదు.

దెబ్బ తగిలిన చోటును దగ్గరగా చూస్తే మనకు ఎదురవుతున్నదేమిటో అర్థమవుతుంది. జొన్న గింజంత మచ్చ. మధ్యలో సూది మొనంత మెరుపు, అది తెగిన రేకు. నెల తిరిగేసరికి అది గోధుమ రంగుకు తిరుగుతుంది. గోటితో అంచు గీకితే రంగు పెచ్చుగా లేస్తుంది, దాని కింద వేలు వెడల్పున జంగు అప్పటికే పాకి ఉంటుంది. బయటికి కనబడింది జొన్న గింజంత, లోపల రూపాయి బిళ్లంత. పూత గట్టిగా, పెళుసుగా ఉంటే పగిలి ఇట్లా పెచ్చులూడుతుంది. రబ్బరు గుణం ఉన్న పూత దెబ్బను మింగి మళ్లీ సర్దుకుంటుంది. రాళ్ల దెబ్బకు రబ్బరు, పాలీయురేతేన్ పూతలు వాడమనేది అందుకే.

మనకు సముద్రం దూరం, చలి దేశాల్లో లాగా రోడ్ల మీద ఉప్పు చల్లరు, ఇక జంగు ఎక్కడిది అని అడుగుతారు. ఇనుముకు నీళ్లు, గాలి చాలు. గాలిలో తేమ 60 శాతం దాటితే జంగు చురుకవుతుంది. ఇక్కడ వర్షాకాలం నెలల తరబడి ఆ గీత పైనే ఉంటాం. దానికి తోడు నల్ల రేగడి. పొలం బాటలో ఒక్కసారి తిరిగొస్తే మడ్‌గార్డు లోపలి అంచున బురద పేరుకొని, తడిపిన గోనెసంచి కట్టినట్టు రోజుల తరబడి రేకుకు తడి తాపుతూ ఉంటుంది. మన బొగ్గులో గంధకం తక్కువే, కానీ బొగ్గు దుమ్మూ బూడిదా అదే పని చేస్తాయి, సందుల్లో కూచొని తడిని వదలవు. ఇంకొకటి చాలామంది గమనించరు. డిక్కీలో ఎరువు బస్తాలు వేసుకొస్తాం. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. సముద్రపు ఉప్పులో ఇనుమును తినే క్లోరైడే ఇందులోనూ ఉంటుంది. బస్తా కుట్టులోంచి రాలిన గుప్పెడు పొటాష్ డిక్కీ మూలలో చేరి, గాలిలో తేమను గుంజుకొని తడిసిందంటే, గోదావరి ఒడ్డున ఉండి కూడా సముద్రపు జబ్బు తెచ్చుకున్నట్టే. పాత బండిలో ఎరువు వేయకండి. వేస్తే ఆ రోజే మ్యాట్ ఎత్తి కడగండి.

ఇప్పుడు నల్ల పూత దగ్గరికి వద్దాం. రోడ్డు తారును కిరోసిన్‌లో కలిపి బ్రష్‌తో కొట్టే అలవాటు ఇంకా ఉంది. రోడ్లకు వాడే వీజీ 30 రకం తారు మెత్తబడే వేడికి కనీస హద్దు 47 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర నీడలోనే 45 దాటుతుంది, కాలే రోడ్డు మీద బండి అడుగున ఇంకా ఎక్కువ. సైలెన్సర్ పక్కన చెప్పనక్కర లేదు. తారు మెత్తబడి జారుతుంది, మొరం అంటించుకుంటుంది. ఎండకు దాని జిడ్డు ఎగిరిపోయి రెండు మూడేళ్లలో గట్టిపడి పగులుతుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. పైకి నల్లగా, నిండుగా కనబడుతూనే ఉంటుంది, లోపల రేకు కాగితమవుతుంది. వెల్డింగ్ పెట్టబోతే అంటుకునే ప్రమాదం వేరే ఉంది. మార్కెట్లో దొరికే రబ్బరు కలిపిన పూతలు దీనికన్నా ఎంతో మేలు. కానీ వాటిని కూడా జంగు మీద, జిడ్డు మీద కొడితే జరిగేది ఇదే.

కాలిన ఇంజిన్ ఆయిలు చల్లించుకునే వాళ్లున్నారు. అందులో ఇంజిన్ మండగా మిగిలిన ఆమ్లాలు, మసి ఉంటాయి. రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి, దుమ్ము పేరుకుంటుంది, మొదటి వానకే కారి పొలంలో కలుస్తుంది. వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దయచేసి మానేయండి.

మరి చేయాల్సిందేమిటి? మొదట పాత పూతంతా తీయాలి. విసుగు పుట్టించే పని, కూలి ఎక్కువ పడే పని, సగం ఫలితం దీంట్లోనే ఉంది. పెట్రోలు ట్యాంకు దించండి. ప్రెషర్ వాష్ చేసి రెండు రోజులు ఎండనివ్వండి. గీకుడు పట్టీ, గ్రైండర్‌కు వైరు బ్రష్, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు. బ్రష్ తీగ ముక్క కంట్లో పడితే చూపు పోతుంది, షెడ్డు పిల్లలకు అద్దాలు లేకుండా ఈ పని చెప్పకండి. పల్చటి రేకుకు గట్టి ఒత్తిడితో సాండ్ బ్లాస్టింగ్ వద్దు, వంకర పోతుంది.

గుంటలు పడిన జంగుకు ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం రాస్తాం. రాసినాక బాగా కడిగి ఆరబెట్టాలి. ఆ ఆమ్లం మిగిలి ఉండగా ఎపాక్సీ ప్రైమర్ కొడితే పట్టు దొరకదు, ఆరు నెలల్లో పొరపొరగా లేస్తుంది. తర్వాత రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. మనకు అలవాటైన రెడాక్సైడ్ ఒక్కటే అడుగు భాగానికి చాలదు, అది నీటి ఆవిరిని ఆపలేదు. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు పెయింటు ముట్టుకోవద్దు. మేలో మిట్టమధ్యాహ్నం కూడా వద్దు, థిన్నరు రేకును తాకకముందే ఆరిపోయి రంగు పొడిగా రాలుతుంది. మన వాతావరణానికి శివరాత్రి నుంచి ఉగాది దాకా ఈ పనికి మంచి కాలం.

ప్రైమర్ ఆరాక అతుకులు. స్పాట్ వెల్డింగ్ చేసిన రెండు రేకుల మధ్య సందు నీటిని తనంత తానే పీల్చుకుంటుంది. జంగు తాను తిన్న ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ రేకులను విడదీస్తుంది. ప్రతి అతుకు మీదా పీయూ (పాలీయురేతేన్) సీలెంట్ పెట్టి వేలితో నొక్కండి. సిలికాన్ వద్దు, దాని మీద ఏ రంగూ నిలవదు.

ఇవన్నీ అయ్యేదాకా రాళ్ల దెబ్బను కాచే పూత జోలికి పోకూడదు. ఇందాక చెప్పిన దెబ్బ తగిలే చోట్లకే ఆ పూత కొట్టండి, మిగతా ఫ్లోరుకు మామూలు రంగు చాలు. నలుపు వద్దని కూడా నా మనవి. బండి రంగో, లేత బూడిద రంగో వేయించండి. లేత రంగు మీద గోధుమ చుక్క పది అడుగుల దూరం నుంచి కనబడుతుంది. నల్ల పూత మీద కన్నం పడే దాకా కనబడదు. బ్రేకు డ్రమ్ములు, ప్రొపెల్లర్ షాఫ్టు, సైలెన్సర్, రబ్బరు బుష్షులు, గ్రీజు నిప్పిళ్లు టేపు వేసి మూసి పెట్టుకోండి. కమాన్ పట్టీలకు ఈ పూత వద్దు, వాటి మధ్య గ్రీజు కావాలి.

సిల్లుల లోపలి బోలుకు పెయింటు చేరదు. కొత్త రేకు అతికితే వెల్డింగ్ వేడికి లోపలి ప్రైమర్ కాలిపోయి ఉంటుంది, పైన ఎంత బాగా పూసినా లోపలి నుంచి తింటూ వస్తుంది. అందుకే పొడవాటి గొట్టం నాజిల్‌తో లోపలికి క్యావిటీ వ్యాక్స్ కొట్టాలి. మన ఎండకు అది కొంచెం కరిగి కిందికి కారుతుంది. కంగారు పడకండి, అట్లా పాకి సందుల్లోకి దిగడమే దాని సుగుణం. ఒకట్రెండు ఎండాకాలాలకొకసారి మళ్లీ కొట్టించుకోండి. కారేటప్పుడు సిల్లు కింద నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి, సన్న తీగ పెట్టి తెరవండి. ఈ రంధ్రాలను పుట్టీతో మూసేసిన బండ్లు చాలా చూశాను. నీటితొట్టి చేసి పెట్టినట్టు.

నాలుగు చక్రాలకూ మడ్‌ఫ్లాపులు పెట్టించండి. ముందు చక్రం వెనక ఫ్లాపు ఉంటే సిల్లు మొనకు తగిలే రాళ్లు చాలా వరకు తగ్గుతాయి, ఖర్చు కొన్ని వందలు. కొత్తగా చిప్స్ పోసిన రోడ్డు మీద టిప్పర్ వెనక దగ్గరగా పోకండి.

తొలకరికి ముందు ఒకసారి, దీపావళి తర్వాత ఒకసారి బండిని ఎత్తి చూడాలి. టార్చి లైటు, స్క్రూడ్రైవరు చాలు. స్క్రూడ్రైవరు పిడితో సిల్లు పొడుగునా తట్టుకుంటూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది. శబ్దం చచ్చినట్టు వచ్చిన చోట ఆగి, పూత గీకి చూడండి. జొన్న గింజంత మచ్చ దొరికితే ఆ రోజే రుద్ది, ప్రైమర్ తాకించి, పైపూత వేస్తే గంట పని. వానాకాలం దాటనిస్తే రేకు కోయాల్సి వస్తుంది. బ్రేకు పైపులను కూడా వేలితో తడుముతూ పోండి, గరుకుగా తగిలితే మార్చేయండి, దానికి పూతల వైద్యం లేదు.

ఇక ప్రశ్నలు ర్యాంపు దగ్గరే మాట్లాడుకుందాం. బయట సగం పూత గీకిన అంబాసిడర్ ఒకటి ఎక్కించి పెట్టారు. ఎడమ సిల్లు ఇంకా గీకలేదు. టార్చీలున్న వాళ్లు ముందుకు రండి, తట్టి చూసి ఎక్కడ పోయిందో మీరే చెప్పండి. తర్వాత గీకి చూద్దాం.