ప్లేటు ఎక్కకముందే తప్పు పట్టుకోండి

(సంఘం వార్షిక సభలో, డి.టి.పి. శిక్షణ పూర్తి చేసిన యువతీ యువకులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



రేపటి నుంచి మీరు ఏ ప్రెస్సులోనో, ఫ్లెక్సు షాపులోనో కూర్చుంటారు. ఎదురుగా కోరల్‌డ్రా తెరిచి ఉంటుంది. పక్కన పార్టీ నిలబడి తొందర పెడుతుంటాడు. సరిగ్గా అప్పుడే ఫైలు మొరాయిస్తుంది. అటువంటప్పుడు ఏం చేయాలన్నదే ఈ పూట నా విషయం.

హైదరాబాదు ఛత్తా బజారులో ఒకప్పుడు కాతిబులు కలంతో పెళ్లి కార్డులు రాసేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారి నూరీ నస్తాలీఖ్ లిపి వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. కలం పని కంప్యూటరుకు మారింది. అయితే కాతిబుకు భాష తెలుసు. రాస్తూనే తప్పు దిద్దేవాడు. కంప్యూటరుకు భాష తెలియదు. మనం ఏది పెడితే అది అచ్చు వేస్తుంది. అందుచేత కాతిబు కన్ను ఇప్పుడు మీకు ఉండాలి.

ఒక ఆడపిల్ల తండ్రి మూడు వందల కార్డులు వేయించాడనుకోండి. పేరులో తప్పు దొర్లితే ప్లేటు పోయె, కాగితం పోయె, ఆ డబ్బు పోయె. పంచేశాక ఆ కార్డులను వెనక్కి పిలవలేం. ఆ కుటుంబం పరువు మన చేతిలో అమానతు. ఈ మాట మనసులో పెట్టుకుని మిగతావి వినండి.

మొదటిది అక్షరాల సంగతి. అను వంటి పాత తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కోరల్‌డ్రాలో వాక్యం మొదటి అక్షరాన్ని దానంతట అదే పెద్దక్షరం చేసే క్విక్ కరెక్ట్ అనే ఏర్పాటు ఉంది. ఇంగ్లీషుకు అది మేలే. మన పాత ఫాంటులో మాత్రం ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం వచ్చి కూర్చుంటుంది. కొత్తవాళ్లు ఫాంటు చెడిపోయిందనుకుని మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు. ఫాంటు తప్పు లేదు. టెక్స్టు ఆప్షన్లలోకి వెళ్లి ఆ ఏర్పాటు తీసేయండి, సరిపోతుంది. ఇక యూనికోడ్ తెలుగులో ఒత్తులు విడిపోయి కనబడితే, మీ దగ్గరున్నది పాత వెర్షనేమో చూసుకోండి.

ఉర్దూ, అరబ్బీ పనిలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇన్‌పేజ్ నుంచి కోరల్‌లోకి తెచ్చాక అక్షరాలు తిరగబడ్డాయా, కలవవలసినవి విడిపోయాయా, చుక్కలు జారాయా అని అసలుతో పోల్చి చూడాలి. పైనుండే చుక్క కిందికి జారితే ‘ఖుదా’ కాస్తా ‘జుదా’ అవుతుంది. తెచ్చిన వెంటనే గ్రూపు చేసి పెట్టండి. ఖుర్‌ఆన్ ఆయత్ ఉన్నదంటే దాన్ని ముస్‌హఫ్‌తో సరిచూసి, ఒక హాఫిజ్ గారికి చూపించాకే ముందుకు పోవాలి.

రెండోది కర్వ్స్ చేయడం. మీ దగ్గర బాగా కనబడిన కార్డు ప్రెస్సులో తెరిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. అక్కడ ఆ ఫాంటు లేకపోవడమే కారణం. అక్షరాలన్నీ ఎంచుకుని కంట్రోల్, క్యూ నొక్కితే అవి బొమ్మలైపోతాయి. ఇక ఫాంటుతో పని లేదు. కానీ బొమ్మలైన అక్షరాలను మళ్లీ దిద్దలేం. కాబట్టి ఎప్పుడూ రెండు ఫైళ్లు ఉంచండి. దిద్దడానికి ఒకటి, ప్రెస్సుకు పంపడానికి ఒకటి. ప్రెస్సులో పాత వెర్షన్ ఉంటే కొత్త ఫైలు అక్కడ తెరుచుకోదు. సేవ్ చేసేటప్పుడే కింది వెర్షన్ ఎంచుకోవాలి, లేదంటే పీడీఎఫ్ పంపాలి.

మూడోది రంగు. తెర మీద రంగు వెలుతురుతో వస్తుంది, కాగితం మీద సిరాతో వస్తుంది. మసీదు పోస్టరుకు తెర మీద మెరిసే పచ్చ రంగు పెడితే కాగితం మీద అది వెలవెలబోతుంది. మొదటి నుంచీ సి.ఎం.వై.కె.లోనే పని చేయండి. చిన్న అక్షరాల నలుపు ఒక్క నల్ల సిరాదే, 100 శాతం ఉండాలి. ఆర్.జి.బి. నలుపు పెడితే అది నాలుగు సిరాల మిశ్రమంగా మారుతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది. తెల్ల అక్షరాలకు ఓవర్‌ప్రింట్ పెట్టి ఉంటే అవి అచ్చులో మాయమవుతాయి. అదీ చూసుకోండి.

నాలుగోది కొలతలు. హెయిర్‌లైన్ అనే సన్న గీత తెర మీద కనబడినా ప్లేటు మీద తెగిపోవచ్చు. గీత కనీసం 0.25 పాయింటు ఉండాలి. ముదురు రంగు మీద తెల్ల గీతకు 0.5 ఉంటే మేలు. అంచు దాకా రంగు ఉన్నచోట కత్తిరింపు కోసం 3 మిల్లీమీటర్లు బయటికి పెంచండి. అక్షరాలను మాత్రం అంచుకు 5 మిల్లీమీటర్లు లోపలే ఉంచండి. ఫొటో అచ్చయ్యే కొలతలో 300 డి.పి.ఐ. ఉండాలి. అంటే 10 సెంటీమీటర్ల వెడల్పుకు దాదాపు 1,180 పిక్సెళ్లు. ఫోనులో వచ్చిన చిన్న ఫొటోను సాగదీస్తే వివరం పెరగదు, మసక మాత్రమే పెరుగుతుంది.

ఐదోది ఫైలు బిగుసుకుపోవడం. కంగారుపడి అన్నీ మార్చకండి. ముందు వేరే పేరుతో ఒక కాపీ చేసుకోండి. ఆ కాపీలో సగం వస్తువులు తీసేసి చూడండి. బాగా నడిచిందా, దోషం తీసేసిన సగంలో ఉన్నట్టు. నడవలేదా, మిగిలిన సగంలో ఉన్నట్టు. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే నాలుగైదు సార్లలో దొంగ దొరుకుతాడు. తరచుగా అది పవర్‌క్లిప్‌లో దాగిన పెద్ద ఫొటోయో, ట్రేస్ చేసినప్పుడు వేలకొద్దీ నోడ్లు పడిన బొమ్మో అయి ఉంటుంది. ఫొటోను అవసరమైన కొలతకు తగ్గించండి, నోడ్లు తగ్గించండి. టూల్సు మాయమై తెరంతా తారుమారైతే, కోరల్‌డ్రా మొదలవుతుండగా ఎఫ్8 నొక్కి పట్టుకోండి, మొదటి అమరికకు వస్తుంది. కాకపోతే మీరు చేసుకున్న సొంత మార్పులు పోతాయి. ఫైలే పాడైతే అదే ఫోల్డరులో ‘బ్యాకప్ ఆఫ్’ అని మొదలయ్యే ప్రతి ఉందేమో వెతకండి.

ఇంకొక్క మాట. దొంగ కాపీ ప్రోగ్రాములతో షాపు నడపకండి. వాటి వెంట వైరసులు వస్తాయి, పార్టీల ఫైళ్లు పోతాయి. అన్నిటికన్నా ముందు, అది ఒకరి కష్టాన్ని ధర కట్టకుండా వాడుకోవడం. హలాల్ సంపాదన అని మనం చెప్పుకునే మాట ఇక్కడా వర్తిస్తుంది. కోరల్ కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే ఇంక్‌స్కేప్, స్క్రైబస్ అనే రెండు ప్రోగ్రాములు ఉచితంగా, న్యాయంగా దొరుకుతాయి. ఇంక్‌స్కేప్‌లో బొమ్మ గీసి, స్క్రైబస్‌లో సి.ఎం.వై.కె. పీడీఎఫ్ చేసుకోవచ్చు.

చివరగా, ఏ పనైనా అసలు సైజులో కాగితం మీద ప్రూఫు తీయండి. ఒకరు పైకి చదవండి, ఒకరు చూడండి. తేదీకి వారం కలిసిందా, హిజ్రీ తేదీ సరిపోయిందా, ఫోను నంబరులో అంకెలన్నీ ఉన్నాయా చూడండి. పార్టీ చేత చదివించి సంతకం పెట్టించుకోండి. ఇందుకు పట్టేది పది నిమిషాలే. తొందరపడే పార్టీకి కూడా నెమ్మదిగా, మర్యాదగా ఇదే చెప్పండి. తన కార్డు మంచికే అని తెలిస్తే అతనే ఆగుతాడు.

అల్లాహ్ మీ చేతి పనిలో బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.